పెట్టె పాట, ఇంటి పాట

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న సంక్రాంతికి మీ ఇంట్లో పాట ఎవరు పాడారు? ఈ ప్రశ్న నేను మా వీధిలో నలుగురైదుగురిని అడిగాను. ఒకావిడ, "పాటా? టీవీలో వచ్చిందిగా" అన్నది. ఇంకొకావిడ, "మా అబ్బాయి ఫోనులో పెట్టాడండీ, ఇల్లంతా మోగిపోయింది" అన్నది. ఎవరూ "నేను పాడాను" అనలేదు. వాళ్ళనని ఏం లాభం? నన్ను అడిగినా కొన్నేళ్ళ కిందటి దాకా అదే జవాబు చెప్పేదాన్ని. అంచేత ఈ వేళ నేను మాట్లాడబోయేది పండగ పాట గురించి, అందులోనూ టీవీ వాళ్ళు మన కోసం పాడి పంపించే పండగ పాట గురించి.

మీకందరికీ తెలిసిందే. సంక్రాంతి అయినా, ఉగాది అయినా, దసరా అయినా ప్రతి చానల్ వారూ తమ సీరియళ్ళలో నటించే వాళ్ళందరినీ ఒకచోట చేరుస్తారు. రోజూ కోడలిని కాల్చుకుతినే అత్తగారు ఆ రోజు కోడలి చెయ్యి పట్టుకుని కోలాటం వేస్తుంది. వెనకాల ఒక పూరిల్లు, వడ్ల రాశి, గంగిరెద్దు, రంగురంగుల ముగ్గులు. ఆ పాటలు తర్వాత ఫోన్లలోకి వచ్చేస్తాయి. మనం వంట చేసుకుంటూ వింటాం. బాగానే ఉంటాయి కూడా. వాటిని వెక్కిరించడానికి నేను రాలేదు.

పైగా ఇది కొత్త సంగతేమీ కాదు. టీవీ రాకముందు మన ఊళ్ళలో శ్రీరామనవమి పందిళ్ళలో మైకు పెట్టి ఏం వేసేవారు? నాటకాల రికార్డులు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు మన నాన్నలకూ తాతలకూ నోటికి వచ్చాయంటే, నాటకం చూసి కొంత, ఆ రికార్డులు విని కొంత. రంగస్థలం మీద కృష్ణుడి వేషం వేసిన మనిషి గొంతే పండగ పందిట్లోనూ వినబడేది. వేషం వేసినవాళ్ళ చేత పాడించి, ఆ పాటను పండగకు అమ్మడం అనేది మనవాళ్ళకూ బాగా తెలిసిన వ్యాపారమే.

అమెరికాలో దీన్ని ఇంకా పెద్దయెత్తున చేశారు. అక్కడ పెద్ద పండగ క్రిస్మస్ కదా. పశువుల్ని మేపుకుంటూ బతికే తండ్రీకొడుకుల కథ ఒకటి, బొనాంజా అనే పేరుతో టీవీలో ఏళ్ళ తరబడి వచ్చింది. ఆ నటుల చేత 1963లో ఒక క్రిస్మస్ పాటల రికార్డు చేయించారు. 1970లో బ్రాడీ బంచ్ అనే ఇంటింటి కథలోని ఆరుగురు పిల్లల చేత ఇంకొకటి పాడించారు. 1971లో పార్ట్రిడ్జ్ ఫ్యామిలీ వారి రికార్డు వచ్చింది. ఈ పార్ట్రిడ్జ్ కథ వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. కథలో తల్లీ పిల్లలూ అంతా కలిసి ఊరూరా తిరిగి పాడుతుంటారు. తెర మీద చూస్తే ఒక ఇల్లంతా గొంతు కలిపి పాడుతున్నట్టే ఉంటుంది. కానీ రికార్డులో నిజంగా పాడింది ఆ నటుల్లో ఇద్దరే. తల్లి వేషం వేసిన షర్లీ జోన్స్, పెద్దకొడుకు వేషం వేసిన డేవిడ్ కాసిడీ. మిగతా గొంతులన్నీ స్టూడియోలో జీతానికి పాడే గాయకులవి. ఇంకో చిత్రమేమిటంటే, ఆ షర్లీ జోన్స్ నిజజీవితంలో ఆ అబ్బాయికి సవతి తల్లి! అయినా జనం ఇవేవీ పట్టించుకోలేదు. ఆ ఏడాది క్రిస్మస్‌కి అది విరివిగా అమ్ముడుపోయింది.

ఎందుకంటారా? ఆలోచిస్తే కారణం సులువుగానే తెలుస్తుంది. వారం వారం మన ముందుగదిలోకి వచ్చి కూర్చునే మనుషులు మనకు చుట్టాలైపోతారు. వాళ్ళ సుఖం చూసి నవ్వుతాం, కష్టం చూసి కళ్ళు తుడుచుకుంటాం. పండగ రోజున చుట్టాలు వచ్చి పాడితే ఎవరు కాదంటారు? పిల్లలు దూరదేశాల్లో ఉండి, ఇంట్లో ఇద్దరే మిగిలినవాళ్ళకు ఆ పాట ఎంత తోడో నాకు తెలుసు.

మన తెలుగునాట దీనికి మంచి ఉదాహరణ బతుకమ్మ పాట. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో వి6 చానల్ వారి బతుకమ్మ పాట కోసం ఆడపిల్లలు ఎదురుచూసేవారు. ఆ చానల్‌లో రోజూ కనబడి, మన ఇంటి అమ్మాయిలా మాట్లాడి పేరు తెచ్చుకున్న మంగ్లి వంటివారిని ఆ పాటల్లో చూసుకుని మురిసిపోయారు. మంగ్లి గారు పుట్టింది అనంతపురం జిల్లాలోని ఒక తండాలో. తిరుపతిలో సంగీతం చదువుకున్నారు. ఆ పాటల వల్ల బతుకమ్మ అంటే సిగ్గుపడే పట్నం పిల్లలు కూడా చీరె కట్టుకుని, చప్పట్లు కొడుతూ గుండ్రంగా నిలబడ్డారు. ఇది మేలు కాదని ఎవరనగలరు?

మరి ఇంత మేలు కనబడుతుంటే నా బాధ ఏమిటి అని మీరు అడగవచ్చు. అది చెప్పాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

నేను పుట్టి పెరిగింది నెల్లూరు జిల్లా పడమటి వైపున. మా జేజి వాళ్ళది ఉదయగిరి కొండ కింద ఊరు. మా చిన్నమ్మను ఇచ్చింది ఆత్మకూరులో. సంక్రాంతి సెలవలు ఇస్తే చాలు, ఈ రెండూళ్ళ మధ్యే మా తిరుగుడు. వానలు తక్కువ, రాళ్ళు ఎక్కువ అయిన సీమ మాది. పంట వచ్చిన ఏడు మాత్రం పండగ పండగలాగే ఉండేది. ధనుర్మాసం పట్టిన నాటి నుంచి వాకిట్లో ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మలు. ఆవు పేడ ముద్దలు చేసి, పసుపూ కుంకుమా పెట్టి, నెత్తిన గుమ్మడిపువ్వు గుచ్చేవాళ్ళం. గుమ్మడిపువ్వు దొరక్కపోతే తంగేడు పువ్వు. సాయంత్రం ఆడపిల్లలంతా చేరి ఇంటింటికీ పోయి గొబ్బి తట్టేవాళ్ళం. ఒక ఇంట్లో చేరెడు బియ్యం, ఇంకో ఇంట్లో బెల్లం ముక్క, కలిగినవాళ్ళయితే డబ్బులు. అన్నీ పోగుచేసుకుని కనుమ దాటాక ఏ చెట్టు కిందనో పొంగలి వండుకునేవాళ్ళం.

ఆ గొబ్బి పాటల్లో ఒక విశేషం ఉంది. ప్రతి పాటలోనూ ఒక చోట ఖాళీ ఉంటుంది. ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇంటి ఇల్లాలి పేరు ఆ ఖాళీలో పెట్టి పాడాలి. తర్వాత ఆమె పిల్లల పేర్లు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలి పేరు, ఆఖరికి పాడి ఆవుకు పేరుంటే అదీను. పేరు పొడుగైతే చప్పట్లను సాగదీయాలి, పొట్టిదైతే ముడవాలి. మా చిన్నమ్మ ఇందులో గట్టి మనిషి. ఎంత వంకర పేరైనా తాళం తప్పకుండా పాటలో కూర్చేది. పేరు వినబడగానే ఆ ఇల్లాలి మొహం చూడాలి! ఏడాది పొడుగునా "ఏమే", "ఓసే" తప్ప తన పేరు వినని మనిషి. ఊరంతా వినేట్టు తన పేరు పాటలో వస్తే, లోపలికి పోయి చేరెడు బదులు దోసెడు బియ్యం తెచ్చేది.

మీరు చూడండి, టీవీ వాళ్ళు ఎంత బాగా పాడినా ఆ పాటలో ఈ ఖాళీ ఉండదు. ఉండే వీలు లేదు. పాత రోజుల్లో లక్కతో చేసిన 10 అంగుళాల గ్రామఫోను రికార్డు నిమిషానికి 78 సార్లు తిరిగేది; ఒక వైపున సుమారు 3 నిమిషాల పాటే పట్టేది. 1948లో ఎల్.పి. రికార్డు వచ్చాక ఒక్కో వైపున 20 నిమిషాలకు పైగా పట్టింది, అప్పుడే ఒక పండగకు సరిపడా పాటలన్నీ ఒకే పలకలో ఇవ్వడం సులువైంది. తర్వాత క్యాసెట్లు, సీడీలు, ఇప్పుడు ఫోన్లు. పలక మారింది గానీ పాట నాలుగు నిమిషాలకు అటూ ఇటూగానే ఉండిపోయింది. పాడేవారికి మనం ఎవరమో తెలియదు. వాళ్ళ తప్పు కాదది. లక్ష ఇళ్ళకు పంపే పాటలో ఏ ఇంటి పేరు పెడతారు? గొబ్బి పాటకు కొలత వేరు. వీధి చివరి ఇంటి దాకా పోయి, చివరి ఇల్లాలి పేరు పాడేదాకా అది అయిపోదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు.

పన్నెండు పదమూడేళ్ళ కిందటి మాట. భోగి ముందు రోజు మేమంతా ఆత్మకూరులో చిన్నమ్మ ఇంట్లో ఉన్నాం. వంటింట్లో అరిసెల పాకం. చిన్నమ్మ ఉదయగిరి చెక్క గరిటెతో పాకం కలుపుతూ, దాన్నే పళ్ళెం అంచున తడుతూ గొబ్బి పాట ఎత్తుకున్నది. ముందుగదిలో టీవీలో మేం రోజూ చూసే సీరియల్ వాళ్ళ పండగ కార్యక్రమం మొదలైంది. వాళ్ళూ గొబ్బి పాటే పాడుతున్నారు. నాకు వినబడటం లేదు. అక్కడి నుంచే కేకేశాను, "చిన్నమ్మా, కాసేపు ఊరుకో, టీవీలో పాట వస్తా ఉంది" అని.

గరిటె చప్పుడు ఆగిపోయింది. చిన్నమ్మ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. కోపం లేదు. "సరేలే పాపా, పెట్టె పాట కానీయి. వాళ్ళు సొమ్ములేసుకుని పాడతా ఉండారు, మేం మసిగుడ్డ పట్టుకుని పాడతాం" అని నవ్వి లోపలికి పోయింది. మేమూ నవ్వాం. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, అట్లా. ఇంట్లో తల్లి వండిన కూర చల్లారిపోతున్నా ఎవరికీ పట్టలేదు.

ఆ తర్వాత చిన్నమ్మ మా ముందు పాడటం నేను వినలేదు. అడిగితే, "ఇప్పుడెవరికి కావాల, టీవీలో వస్తాయిగా" అనేది. నేనూ గట్టిగా అడగలేదు. వచ్చే ఏడు చూద్దాంలే, ఫోనులో రికార్డు చేసుకుందాంలే అనుకుంటూ గడిపాను. 2021లో కరోనా రెండోసారి విజృంభించినప్పుడు చిన్నమ్మ పోయింది. ఆఖరి చూపుకు కూడా పోలేకపోయాం.

మరుసటి సంక్రాంతికి ఒంటరిగా కూర్చుని ఆమె పాట ఒకటి గుర్తు చేసుకోబోయాను. మొదటి రెండు పాదాలు వచ్చాయి. మూడోది రాలేదు. వరస వస్తున్నది, మాట రావడం లేదు. ఫోనులో వెతికాను. వందల గొబ్బి పాటలున్నాయి, అందులో మా పడమటి బాణీ నాకు దొరకలేదు. ఊరికి పోయినప్పుడు ముసలివాళ్ళను అడిగాను. ఒకామె, "ఆ పాట మీ చిన్నమ్మే పాడేది గదమ్మా, మేము చప్పట్లు కొట్టేవాళ్ళం" అన్నది. చూశారా, పాట తెలిసింది ఒక్కరికి. తెలుసునని అనుకున్నది ఊరంతా.

ఆ ప్రయాణంలోనే ఉదయగిరి కొండ కింద నిలబడి ఒక పాత సంగతి తలచుకున్నాను. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. పట్టుకుని, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి 1515లో అక్కడ గుడి కట్టి నిలిపాడు. హంపి చూసినవాళ్ళు ఆ కృష్ణాలయం చూసే ఉంటారు. విగ్రహం కొండ దిగి వెళ్ళి అయిదు వందల ఏళ్ళు దాటింది. అయినా కృష్ణుడు మా సీమలో లేకుండా పోలేదు. ఏటా ధనుర్మాసంలో పేడముద్దల చుట్టూ తిరిగే ఆడపిల్లల నోట్లో ఉన్నాడు. వెలికొండలకు అవతలి తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యులంతటి వాడు గొబ్బి పాట కట్టాడంటే, ఈ ఆడపిల్లల ఆట ఆయన చెవినా పడే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఏ రాజూ ఎత్తుకుపోలేని పాటను నేను ఒక్క కేకతో ఆపేశాను.

సోదరీమణులారా, జరిగిందేదో జరిగింది. మిగిలినది చెయ్యి జారకుండా ఏం చెయ్యాలో నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది. ఇంట్లో పెద్దావిడను ఎదురుగా కూర్చోబెట్టి, ఫోను మొహాన పెట్టి, "పాడు" అంటే పాట రాదు. సిగ్గుపడుతుంది, మరిచిపోయానంటుంది. చేతికి పనివ్వండి. చిక్కుడుకాయలు వలుస్తూనో, పూలు కడుతూనో ఉన్నప్పుడు మీరు ఒక ముక్క తప్పు పాడండి. "అట్లా కాదే" అంటూ ఆమే అందుకుంటుంది. ఇది నేను చేసి చూసిన సంగతి.

రెండోది. పాటను ఫోనులో పట్టుకుంటే సరిపోదు, పుస్తకంలో రాసుకోవాలి. ఎవరు పాడారు, ఆమె ఎవరి దగ్గర నేర్చింది, ఏ ఊరు, ఏ పండగకు, పేరు పెట్టే ఖాళీ ఎక్కడ, ఇవన్నీ పక్కన రాయాలి. మాట తెలియకపోతే చెవికి ఎట్లా వినబడితే అట్లానే రాయండి, మీరు సరిదిద్దకండి. రికార్డు చేసేటప్పుడు మిక్సీ, ఫ్యాను ఆపండి గానీ, దగ్గునూ నవ్వునూ తీసెయ్యకండి. ఆ రికార్డు ఒక్క ఫోనులోనే ఉంచకుండా అక్కచెల్లెళ్ళకూ పంపి ఉంచండి.

మూడోది. టీవీ పాటను తిట్టి పిల్లల మనసు విరచకండి. ముందు వాళ్ళకు నచ్చిన పాటే పెట్టండి, ఆడనివ్వండి. కాళ్ళకు అలవాటైన తర్వాత పెట్టె ఆపి, మీరు ఒక్క పాట పాడండి. పండగకు ఒక్కటి చాలు. పదేళ్ళకు పది పాటలవుతాయి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో ఎవరైనా పాట ఎత్తుకుంటే, అది ఎంత బొంగురు గొంతైనా, టీవీలో ఎంత మంచి కార్యక్రమం వస్తున్నా, "ఊరుకో" అనకండి. టీవీ పాట రేపు ఫోనులో మళ్ళీ వస్తుంది. ఈ పాట మళ్ళీ వస్తుందో రాదో.

మొన్న సంక్రాంతికి మా అపార్టుమెంటు సెల్లార్లో కార్లు పక్కకు తీయించి ముగ్గు వేశాం. పిల్లలు స్పీకరు తెచ్చి టీవీ వాళ్ళ పాట పెట్టారు. అందరూ చక్కగా ఆడారు. పాట నాలుగు నిమిషాల్లో అయిపోయి, వెంటనే ఏదో సబ్బు ప్రకటన వచ్చింది. పిల్లలు దాన్ని ఆపి ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. నేను మా అమ్మ వంక చూశాను. ఎనభై దాటిన మనిషి, కుర్చీలో కూర్చుని ఉంది. నేను చిన్నమ్మ పాటలోని ఆ రెండు పాదాలు ఎత్తుకున్నాను. మూడో పాదం దగ్గర ఆగాను. అమ్మకు కూడా అది గుర్తు లేదు. కానీ ఖాళీ ఎక్కడో గుర్తుంది. "నీ పేరేందే?" అని ఎదురుగా ఉన్న పిల్లను అడిగి, ఆ పేరు పెట్టి పాడింది. అంతే, పిల్లలు వరసలో నిలబడ్డారు, నా పేరు, నా పేరు అంటూ. వాచ్‌మన్ కూతురు వెనకాల నిలబడి ఉంటే దాన్ని కూడా ముందుకు పిలిచి దాని పేరూ పాడింది. ఒక పిల్ల పేరు మరీ పొడుగు. తాళం తప్పింది, అందరూ నవ్వారు, మళ్ళీ మొదలుపెట్టారు. మూడో పాదం మాత్రం పోయింది. దాని చోట అమ్మ వట్టి చప్పట్లు కొట్టించింది.

పిల్లలందరి పేర్లూ అయిపోయాక ఇక చాలునని నేను అనుకున్నాను. అమ్మ ఇంకో చుట్టు తిరగమన్నది. ఆ చుట్టులో, ఖాళీ దగ్గర, తన చెల్లెలి పేరు పెట్టి పాడింది.

వచ్చే పండగకు మీ ఇంటి పాటలో ఎవరి పేరు వస్తుందో ఆలోచించుకోండి. పాట రాకపోతే అమ్మనో, అత్తగారినో, పక్కింటి పెద్దావిడనో ఇవాళే అడగండి.